కాఫీ తోట దారికి పాత జిప్సీ కొన్నాను: ముందు లిఫ్టా, టైర్లా, ఛాసీయా?

కాఫీకొండ_పొట్టంగి
ఈ మధ్యే విజయనగరంలో 2008 మోడల్ జిప్సీ కొన్నాను. ఎంపీఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్), సాఫ్ట్ టాప్, ఏపీ-35 నంబరు. ఆర్సీ 2023లో ఐదేళ్లకు రెన్యూ అయి ఉంది. షోకు కోసం కొనలేదు. ఒడిశాలో పొట్టంగి అవతల కొండ మీద మాకు కాఫీ, మిరియం ఉన్నాయి. తారు రోడ్డు దిగాక తోట దాకా ఎర్రమట్టి దారే. రెండు చోట్ల గెడ్డ దాటాలి. వానాకాలమంతా జీపు తప్ప ఏదీ పైకి రాదు. మిగతా రోజుల్లో ఇదే బండిలో అమ్మానాన్నలను సాలూరు, విజయనగరం తీసుకెళ్లాలి.

మోడిఫికేషన్లు చేసే ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. బండి కిందకి వంగి కూడా చూడకుండా లెక్క రాసిచ్చారు. మూడు అంగుళాల లిఫ్ట్ (బండి ఎత్తు పెంచడం), 31 అంగుళాల మడ్ టైర్లు, ఇనుప బంపర్, విన్చ్ (ఇరుక్కున్న బండిని లాగే మోటారు చుట్ట), పైన లైట్ల బారు. మూడు లక్షలు దాటింది. నా దగ్గర ఉన్నది రెండు లక్షలు.

ఇప్పుడు బండికి ఉన్న జబ్బులు ఇవి. స్పీడు 55 దాటాక గతుకు తగిలితే స్టీరింగ్ గడగడా ఊగిపోతుంది, దాదాపు ఆపితే గాని ఆగదు. 4ఎల్, అంటే ఫోర్ వీల్ లో రేంజ్, లివర్ పడాలంటే బలవంతంగా లాగాలి. ముందు ఎడమ చక్రం లోపలి వైపు గ్రీజు కారుతోంది. కాళ్ల కింద మ్యాట్ ఎత్తితే తుప్పు. స్టీరింగ్ సంగతి అడిగితే డ్యాంపర్ (ఊపు తగ్గించే షాక్ అబ్జార్బరు లాంటిది) వేస్తే పోతుందని వర్క్‌షాపు వాళ్లన్నారు. ఏది ముందు చేయించాలో చెప్పండి.

ఎర్రమట్టి
బంపర్ చూసి కొండ పక్కకి జరగదు తమ్ముడూ. ఆ లెక్క కాగితం మడిచి లోపల పెట్టు. ముందు బండిని ర్యాంపు ఎక్కించి కింద దూరి చూడు.

జయపురం_లేత్‌మేస్త్రీ
డ్యాంపర్ వేస్తే పోదు. కొన్నాళ్లు కనిపించకుండా ఉంటుంది, అంతే. ఆ తర్వాత ఒకేసారి బయటపడుతుంది. అది సుంకి ఘాట్ దిగేటప్పుడు బయటపడిందనుకో, ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

జిప్సీకి ముందు కూడా గట్టి యాక్సిల్, కమాను కట్టలే (లీఫ్ స్ప్రింగులు). ఆ యాక్సిల్ చివర చక్రం తిరిగే చోట నకిల్ ఉంటుంది. నకిల్‌కి పైనొకటి, కిందొకటి కింగ్‌పిన్ బేరింగులు. అవి అరిగి వదులైతే చక్రం తనంతట తాను కుడి ఎడమలకు కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఒక గతుకు చాలు, ఊపు అందుకుంటుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ముందు యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రం లేపు. టైరుని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపు. ఆట ఉంటే వీల్ బేరింగ్ గాని కింగ్‌పిన్ బేరింగ్ గాని పోయినట్టు. ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపు. ఆట ఆగిపోతే వీల్ బేరింగ్, ఇంకా ఉంటే కింగ్‌పిన్. తర్వాత పక్కల నుంచి పట్టుకుని ఊపు. అప్పుడు ఆట ఉంటే స్టీరింగ్‌ని చక్రాలకు కలిపే కడ్డీలు, అంటే టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింకు చూడాలి. కమాను కట్టను ఛాసీకి తగిలించే షాకిల్స్ బుష్‌లు, స్టీరింగ్ బాక్స్ ఛాసీకి బిగించిన బోల్టులు కూడా చూడు. ఇవన్నీ బాగుండి ఇంకా ఊగితే అప్పుడు వీల్ బ్యాలెన్సింగ్ సంగతి.

ఇక గ్రీజు కారడం. వేళ్ల మధ్య రుద్ది చూడు. గట్టిగా గ్రీజులాగే ఉంటే బయటి నకిల్ సీలు చిరిగింది. పల్చగా జారుతూ నూనె వాసన వస్తుంటే లోపలి యాక్సిల్ సీలు పోయి డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్య గేర్ల డబ్బా) ఆయిల్ నకిల్‌లోకి వచ్చేస్తోంది. అలాంటప్పుడు అక్కడ నూనె ఎక్కువ, హౌసింగ్‌లో తక్కువ. అందులోని గేర్లు, క్రౌన్ పినియన్, ఎండిపోయాక పెద్ద బిల్లు తప్పదు. ఎలాగూ నకిల్ విప్పాలి కాబట్టి బేరింగులు, రెండు సీళ్లు, గ్రీజు అన్నీ ఒకే పనిలో చేయించు.

కాఫీకొండ_పొట్టంగి
మేస్త్రీ గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఆదివారం జాకీ పెట్టి చూస్తాను.

నాందేడ్_నల్లరేగడి
మేస్త్రీ చెప్పిన రిపేర్లు చేయించాల్సిందే. కానీ లిఫ్ట్ అసలు వద్దనేట్టు మాట్లాడుతున్నారు, దానికి ఒప్పుకోను. మా కిన్వట్ వైపు రండి. వానలో రేగడి దారి మీద ట్రాక్టర్ల గాడులు మోకాలి లోతు పడతాయి. స్టాకు బండి ఆ గాడుల మధ్య గట్టు మీద బోర్లా పడుకుంటుంది, నాలుగు చక్రాలూ గాలిలో తిరుగుతాయి. ఎత్తు లేకపోతే ఫోర్ వీల్ ఉండి ఏం లాభం?

సునాబెడ_స్పానర్
@నాందేడ్_నల్లరేగడి గాడి మధ్య గట్టుకు ముందు తగిలేది డిఫరెన్షియల్. లిఫ్ట్ వేస్తే ఛాసీ, బాడీ లేస్తాయి. డిఫరెన్షియల్ యాక్సిల్‌లోనే ఉంది, అది అంగుళం కూడా లేవదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే. కడుపు తగిలే గుట్టలకీ, ముందు వెనక మూతి తగిలే గోతులకీ లిఫ్ట్ పనికొస్తుంది. మీరు చెప్పిన సమస్యకి పనికొచ్చేది తక్కువ.

నాందేడ్_నల్లరేగడి
సరే, పెద్ద టైరు పట్టాలన్నా లిఫ్ట్ కావాలి కదా సార్?

సునాబెడ_స్పానర్
31కి కావాలి. కానీ 31 ఎందుకు? లెక్క చూద్దాం.

ఈ జిప్సీకి కంపెనీ టైరు 205/70 ఆర్15. ఎత్తు దాదాపు 668 మిల్లీమీటర్లు. 31 అంగుళాలంటే 787. అంటే 18 శాతం పెద్దది, క్లియరెన్స్ సుమారు 60 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వినడానికి బాగుంది. కానీ ఇంజిన్ 1.3 లీటర్ పెట్రోలు, 80 హార్స్‌పవర్. టార్క్ 103 న్యూటన్ మీటర్ల చుట్టూ, అది కూడా 4500 ఆర్పీఎం దగ్గర. కింద బలం లేదు. ముందు వెనక యాక్సిళ్లకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు హై రేషియో 1.409, లో 2.268. లో వేస్తే చక్రానికి అందే బలం 61 శాతం పెరుగుతుంది. పెద్ద టైరు అందులోంచి 15 శాతం తినేస్తుంది. హై రేంజ్‌లో ఘాట్ ఎక్కేటప్పుడు అదే 15 శాతం పోతుంది, అక్కడ ఆదుకోవడానికి లో రేంజ్ వాడలేరు. థర్డ్‌లో ఎక్కే చోట సెకండ్‌లో ఏడుస్తూ ఎక్కుతుంది. బ్రేకుకీ అదే బరువు. క్లచ్ సంగతి చెప్పక్కర్లేదు.

215/75 ఆర్15 అయితే 703 మిల్లీమీటర్లు, ఐదు శాతమే పెద్దది. 235/75 అయితే 733, పది శాతం. స్పీడో 60 చూపిస్తే నిజంగా 66లో ఉంటారు. ఈ బండికి నా ఓటు 215/75, ఆల్ టెర్రైన్.

మహేంద్రగిరి_డీఐ
అందుకే డీజిల్ కొనాలనేది. పాత థార్ సీఆర్‌డీఈ 247 న్యూటన్ మీటర్లు, 2000 ఆర్పీఎం లోపే. యాక్సిలరేటర్ ముట్టకుండా ఎక్కేస్తుంది. పెట్రోలు జిప్సీతో కొండలేంటి?

ఎర్రమట్టి
వచ్చాడండీ పర్లాకిమిడి డీజిల్ మహారాజు. తమ్ముడు కొనేశాడు, ఇప్పుడు వెనక్కి ఇచ్చి రమ్మంటావా?

మహేంద్రగిరి_డీఐ
ఇచ్చి రమ్మనట్లేదు. నిజం చెప్తున్నా.

సిరొంచ_ఇసుక
@మహేంద్రగిరి_డీఐ అన్నా, మా దగ్గర ప్రాణహిత ఒడ్డు ఇసుకలో మీ డీజిల్ బండ్లను బయటకు లాగేది ఎవరనుకున్నరు? జిప్సీ బరువు టన్ను లోపే, 985 కిలోలు. ఇసుకలో, మెత్తటి మట్టిలో బరువే శత్రువు. బలం ఎంతున్నా మునిగే బండి మునుగుతది. తేలికైన బండి పైపైన పోతది.

అందుకే ఆ ఇనుప బంపర్, విన్చ్ జోలికి పోవద్దంటున్న. రెండూ కలిపితే ముందు యాక్సిల్ మీద ఒక మనిషిని శాశ్వతంగా కూర్చోబెట్టినట్టే. పెద్ద విన్చ్ ఫుల్ లోడు మీద 400 ఆంపియర్ల దాకా గుంజుతది. ఈ బండి బ్యాటరీ, ఆల్టర్నేటర్‌లతో అయ్యేది కాదు. రెండు డీ షాకిల్స్ (తాడు తగిలించే ఇనుప కొక్కేలు), ఒక మంచి స్నాచ్ రోప్ (బండిని లాగే తాడు), ఒక పార, టైర్లకు గాలి కొట్టే చిన్న కంప్రెసర్. అంతే సామాను.

మస్తు మందికి తెలియనిది గాలి సంగతి. రోడ్డు మీద 26, 28 పీఎస్‌ఐ ఉంచుకునే టైరుని ఇసుకలో 15, 16 దాకా దించు. టైరు అడుగు వెడల్పు కాదు, పొడుగు పెరుగుతది. నేల మీద ఆనే చోటు పెరిగి బండి తేలుతది. ఎర్రమట్టి కొండ దారికి 18, 20 చాలు. మళ్లీ తారు ఎక్కగానే కొట్టించాలె, లేకుంటే టైరు వేడెక్కి పక్కలు పగుల్తయి. పైసా ఖర్చు లేని మోడిఫికేషన్ ఇదే.

కాఫీకొండ_పొట్టంగి
ఇది ఎవరూ చెప్పలేదన్నా. మా దారి మొదట్లోనే ఒక ఏటవాలు ఉంది, జారి వెనక్కి వస్తుంటుంది. అక్కడ 18 పెట్టి చూస్తాను.

నాందేడ్_నల్లరేగడి
ఇసుక వేరు, రేగడి వేరు. తడి రేగడిలో గాలి తగ్గించినా టైరు నిండా మట్టి పట్టి గుండుగా అయిపోతుంది. ఏ టైరైనా అంతే. మా పెద్దవాళ్లు చెప్పేది ఒకటే, వాన ఆగాక ఒక పూట ఎండ తగలనివ్వు, అప్పుడు బండి తియ్యి. కొరాపుట్ ఎర్రమట్టిలో గులకరాయి కలిసి ఉంటుంది కాబట్టి మీకు అంత కష్టం లేదు.

ఎర్రమట్టి
@నాందేడ్_నల్లరేగడి మా మట్టికి కష్టం లేదా! పైపొర సబ్బులా జారుతుంది, పక్కన లోయ. మునగడం కాదు మా భయం, పక్కకి జారడం. అందుకే ఎత్తు పెంచొద్దనేది. పైబరువు పెరిగితే పక్క ఏటవాలులో బండి పల్టీ కొట్టే కోణం తగ్గిపోతుంది.

నాందేడ్_నల్లరేగడి
ఈ మాటకి మాత్రం జవాబు లేదు. పక్క లోయ ఉన్న దారికి లిఫ్ట్ వద్దు. మా చదును నేలకి నా మాట నాదే.

జయపురం_లేత్‌మేస్త్రీ
లిఫ్ట్ గురించి ఇంకో మాట. పొడుగు షాకిల్స్ వేసి లేపితే ముందు యాక్సిల్ కాస్త తిరిగి క్యాస్టర్ కోణం (నకిల్ వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది. క్యాస్టర్ తగ్గితే స్టీరింగ్ తనంతట తాను నిటారుకి రాదు, ఊగుడు ఎక్కువవుతుంది. ఇప్పటికే ఊగుతున్న బండికి ఇదెందుకు? ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరిగి దాని కీళ్లలోని క్రాసులు త్వరగా పోతాయి. బ్రేక్ హోస్ పొడుగు చాలక లాగి పట్టేస్తుంది. ఇన్ని సరిచేస్తే గాని లిఫ్ట్ పూర్తి అయినట్టు కాదు. లెక్క కాగితంలో ఇవేవీ రాసి ఉండవు.

నీ కమాను కట్టలు చదునుగా అయిపోయాయేమో చూడు. అలా అయితే కట్టలు విప్పి పట్టీలకు మళ్లీ వంపు పెట్టించు, లేదా కొత్త సెట్టు వేయించు. కంపెనీ ఎత్తు కంపెనీకి వస్తుంది. 2008 బండికి ఆ ఒక్క పనితోనే అంగుళం దాకా తేడా కనిపిస్తుంది, అది లిఫ్ట్ కూడా కాదు.

రాయగడ_ఆర్సీ
ఇంజిన్లు, టైర్లు అయ్యాయి. కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఒకటి. బండి ఏపీ-35, మీరు ఉండేది ఒడిశాలో. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47. ముందు విజయనగరంలో ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), తర్వాత కొరాపుట్ ఆర్టీవోలో ఓడీ-10 నంబరు. బండి మీద ఫైనాన్స్ ఉండి ఉంటే అది తీరిపోయిందని ఆర్సీలో ఎక్కిందో లేదో చూసుకోండి. ఈ-చలానాలు బాకీ ఉంటే ఎన్‌వోసీ ఆగుతుంది. ఇదంతా అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తుతున్నప్పుడే చేయించుకోవాలి. బండి మీ పేరుకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకున్నారా?

రెండు. ఛాసీ నంబరు స్వయంగా చూడండి. ఆర్సీలో ఉన్న అంకెలు, ఛాసీ మీద కొట్టిన అంకెలు ఒకటేనా? ఆ చోట గ్రైండర్ గీతలు, కొత్త పెయింటు, వెల్డింగు ఉంటే అక్కడితో ఆగి ఆర్టీవోలోని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుకి చూపించాల్సిందే.

మూడు. సెక్షన్ 52. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే తేల్చి చెప్పింది. అంతకు ముందు 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ముందు కట్టే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. కాబట్టి ఆ బంపర్, 31 టైర్లు, లిఫ్ట్ వేసుకుని ఓడీ నంబరు కోసం బండిని ఇన్‌స్పెక్షన్‌కి తీసుకెళ్తే అక్కడే ఆగుతుంది.

నాలుగు. 2023లో చేసిన రెన్యువల్ 2028లో అయిపోతుంది. అప్పటికి బండికి ఇరవై ఏళ్లు. పదిహేనేళ్లు దాటిన కారు రెన్యువల్‌కి 5,000 ఫీజు, ఇరవై దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000 చేశారు. ఫిట్‌నెస్ కూడా చూస్తారు. ఇప్పుడు చేయించే ప్రతి పనీ ఆ రోజు పాసవ్వాలని గుర్తుపెట్టుకుని చేయించండి.

మహేంద్రగిరి_డీఐ
రోడ్డు మీద ఎన్ని బండ్లు తిరుగుతున్నాయి బంపర్లతో! ఎవరిని పట్టుకున్నారు?

రాయగడ_ఆర్సీ
@మహేంద్రగిరి_డీఐ పోలీసు పట్టుకోవడం సంగతి పక్కన పెట్టండి. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయరు బండి ఫొటోలు తీస్తాడు. ఆర్సీలో లేనిది బండి మీద ఉంటే క్లెయిము దగ్గర మాట పడుతుంది. వీళ్ల అమ్మానాన్నలు కూర్చునే బండి ఇది.

గుణుపురం_డాక్టరమ్మ
కూర్చోవడం అన్నారు కాబట్టి చెప్తున్నాను. వంశధార అవతలి ఊళ్లకు క్యాంపులకు వెళ్తాను, నాది పాత థార్. జీపు పల్టీ కొట్టి వచ్చిన కేసులు చూస్తుంటాను. ముందు సీట్లో బెల్టు పెట్టుకున్నవాళ్లు నడిచి వస్తారు. వెనక పక్క బెంచీల మీద కూర్చున్నవాళ్లను స్ట్రెచరు మీద తెస్తారు. సాఫ్ట్ టాప్ జిప్సీకి నెత్తి మీద గుడ్డ తప్ప ఏమీ లేదు.

మీ రెండు లక్షల్లో వెనక ముందు వైపుకు తిరిగి ఉండే సీటు, బెల్టులు, మంచి రోల్ బార్‌కి ముందు డబ్బు పక్కన పెట్టండి. ఆర్సీలో ఎన్ని సీట్లున్నాయో రాయగడ గారిని అడిగి, ఆ లెక్క తప్పకుండా చేయించండి. రోల్ బార్‌ని ఫ్లోర్ రేకుకి బిగించి చేతులు దులుపుకుంటారు చాలామంది. తుప్పు పట్టిన రేకుకి బిగిస్తే బండి తిరగబడినప్పుడు పైపు రేకుని చీల్చుకుని కిందకి వస్తుంది. ఛాసీ దాకా పట్టు ఉండాలి, రేకు అటూ ఇటూ మందపాటి ప్లేట్లు ఉండాలి. పెద్దవాళ్లకు జిప్సీ వెనక ఎక్కడం కష్టం, ఒక మెట్టు కూడా పెట్టించండి.

కాఫీకొండ_పొట్టంగి
మేడం, ఈ కోణంలో నేను ఆలోచించనే లేదు. వెనక బెంచీలు తీయించేస్తాను.

ఎర్రమట్టి
డాక్టరమ్మ గారు చెప్పాక ఇక లైట్ల బారు గురించి మాట్లాడేవాడు ఉండడు ఇక్కడ.

మహేంద్రగిరి_డీఐ
నేను మాట్లాడతా. పొగమంచులో పొట్టంగి ఘాట్ ఎవరైనా నడిపారా? లైట్లు కావాలి.

సునాబెడ_స్పానర్
పొగమంచులో పైన పెట్టిన బారు వెలుగు మంచు మీద పడి తిరిగి కళ్లలోకే కొడుతుంది. మంచుకి కింద, బంపరు ఎత్తులో పసుపు ఫాగ్ ల్యాంపులు పెట్టాలి. ముందు హెడ్‌లైట్ల అద్దాలు, రిఫ్లెక్టర్లు కొత్తవి వేసి, రిలే పెట్టి మందపాటి వైరు లాగండి. పాత బండ్లలో స్విచ్చు దాకా వెళ్లి వచ్చే సన్నటి వైర్లలోనే సగం వెలుగు పోతుంది.

కాఫీకొండ_పొట్టంగి
అప్‌డేట్. ఆదివారం మా మావయ్యను తోడు పెట్టుకుని బండి లేపాం. మేస్త్రీ గారు చెప్పినట్టే చేశాను. ఎడమ చక్రం పైనా కిందా ఊపితే ఆట ఉంది. మావయ్య బ్రేకు తొక్కినా ఆట పోలేదు. అంటే కింగ్‌పిన్ బేరింగే. కుడి వైపు ఆట తక్కువ. డ్రాగ్ లింకు ఒక చివర వదులు. కారేది గ్రీజే, నూనె వాసన లేదు. డిఫరెన్షియల్ బోల్టు విప్పి వేలు పెడితే ఆయిల్ లెవెల్ సరిగ్గానే ఉంది.

ఫ్లోర్ మ్యాట్లు మొత్తం తీశాం. డ్రైవరు కాళ్ల దగ్గర అరచేయంత కన్నం, దాని మీద ఎవరో రేకు ముక్క రివెట్లు కొట్టి తారు పూశారు. సుత్తితో ఛాసీ అంతా కొట్టుకుంటూ వచ్చాం. అంతటా ఖంగుమంది. వెనక ఎడమ కమాను హ్యాంగర్ (కట్టను ఛాసీకి పట్టి ఉంచే చోటు) దగ్గర మాత్రం శబ్దం బొంగురుగా వచ్చింది, పొరలు పొరలుగా తుప్పు రాలింది. ఛాసీ నంబరు ఆర్సీతో సరిపోయింది. ఫారాల మీద సంతకాలు ఉన్నాయి.

జయపురం_లేత్‌మేస్త్రీ
హ్యాంగర్ సంగతి మొదటిది. మిగతావన్నీ దాని తర్వాతే. ఆ వైపు కమాను కట్ట విప్పి, తుప్పంతా గ్రైండర్ బ్రష్‌తో మెరిసే ఇనుము వచ్చేదాకా తీయించు. అప్పుడు స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడు. దిగితే ఆ ముక్క కోసేసి అదే మందం ప్లేటు పెట్టి కట్టించాలి. తుప్పు మీద ప్లేటు పెట్టి వెల్డింగు చేస్తానంటే ఒప్పుకోవద్దు, కింద తుప్పు తింటూనే ఉంటుంది. ఛాసీకి అడ్డంగా నిలువు గీతలా వెల్డింగు వేయనివ్వకు. ఆ గీత దగ్గరే తర్వాత విరుగుతుంది. ప్లేటు చివరలు ఏటవాలుగా కోసి పెడితే బరువు పంచుకుంటుంది. వెల్డింగు పెట్టే ముందు బ్యాటరీ వైర్లు, ఈసీఎం (ఇంజిన్ కంప్యూటరు) కనెక్టరు తీసేయాలి, నీది ఎంపీఎఫ్‌ఐ.

ఛాసీ లోపల బోలుగా ఉంటుంది, అక్కడికి బ్రష్ వెళ్లదు. రంధ్రాల్లోంచి సన్నటి పైపు పెట్టి యాంటీ రస్ట్ మైనం స్ప్రే కొట్టించు. బయటికి ఎపాక్సీ ప్రైమరు, ఆ పైన పెయింటు. నీళ్లు కారిపోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయి ఉంటాయి, ముందు వాటిని తెరిపించు. ఈ తుప్పుకి కారణం అదే.

ఫ్లోర్ రేకు టింకరింగ్ మనిషితో కోసి కొత్తది వేయించు. లోపల పుట్టీ పెట్టనివ్వకు.

సునాబెడ_స్పానర్
కమాను కట్ట విప్పినప్పుడు దాన్ని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు కొత్తవి వేయండి. మా ఫ్యాక్టరీలో విమానం ఇంజిను బోల్టుని టార్క్ రెంచ్ లేకుండా ముట్టుకోనివ్వరు. రిటైరయ్యాక నా స్కూటరు చక్రం నట్టుకి కూడా అదే వాడుతున్నానని మా మనవడు నవ్వుతాడు. నవ్వనీయండి. యూ బోల్టులు టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. కొత్త కట్టలు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక సర్దుకుంటాయి, అప్పుడు మళ్లీ బిగించాలి.

గుణుపురం_డాక్టరమ్మ
సార్, మీ మనవడికి చెప్పండి, ఊడిన చక్రం వల్ల వచ్చిన కేసులు కూడా చూశాను.

సిరొంచ_ఇసుక
4ఎల్ పడతలేదన్న ముచ్చట ఎవరూ చెప్పలే. ముందు వాడే పద్ధతి చూడు తమ్మీ. బండి పూర్తిగా ఆపి, లేదా నడిచేంత మెల్లగా పోతున్నప్పుడు, క్లచ్ తొక్కి లివర్ ఒకే ఊపులో లాగాలె. తారు మీద ఫోర్ వీల్‌లో నడిపితే ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ తిరిగే లెక్క కలవక షాఫ్టులు మెలిపడి లివర్ పట్టేస్తది. అట్ల పట్టేస్తే కొంచెం వెనక్కి రివర్స్ చేస్తే వదుల్తది. మట్టి మీద మాత్రమే వేసి చూడు. ముందు హబ్‌లు తిప్పి లాక్ చేసేవి ఉంటే రెండూ ఒకే లెక్కల ఉన్నయా చూడు.

అప్పటికీ పడకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు పట్టుకునే రబ్బరు మౌంట్లు. జిప్సీలో అది గేర్ బాక్స్‌కి అతికి ఉండదు, వేరుగా వేలాడుతది, మధ్యలో చిన్న షాఫ్ట్. రబ్బర్లు చచ్చుబడితే డబ్బా పక్కకి ఒరిగి లివర్ సరిగా కూర్చోదు. ఆయిల్ కూడా మార్చు. ఎన్నేండ్ల నుంచి ఉందో ఎవరికి తెలుసు.

ఎర్రమట్టి
గెడ్డలు దాటాలన్నావు కదా. ఎంత లోతు ఉంటాయి?

కాఫీకొండ_పొట్టంగి
మామూలుగా చక్రం మధ్య దాకా. పెద్ద వాన పడితే బానెట్ దాకా వస్తుంది, అప్పుడు వెళ్లను. స్నార్కెల్ (ఇంజిన్‌కి పై ఎత్తు నుంచి గాలి తెచ్చే పైపు) పెట్టించాలా?

ఎర్రమట్టి
చక్రం మధ్య దాకా నీళ్లకు స్నార్కెల్ అక్కర్లేదు. డిఫరెన్షియల్‌కి గాలి ఆడే బ్రీదర్ పైపు మాత్రం పైకి లాగించు. ఘాట్ ఎక్కి వచ్చిన హౌసింగ్ వేడిగా ఉంటుంది. ఒక్కసారి చల్లటి నీళ్లలోకి దింపితే లోపలి గాలి ముడుచుకుని బయటి నుంచి లాగుతుంది. బ్రీదర్ నీళ్లలో ఉంటే నీళ్లే లాగుతుంది. చిన్న రబ్బరు పైపు వేసి రెండు యాక్సిళ్లవీ, ట్రాన్స్‌ఫర్ కేసుదీ బానెట్ లోపల ఎత్తులో కట్టించు. వందల్లో పని. తర్వాత అప్పుడప్పుడు ఆయిల్ బోల్టు విప్పి చూడు, పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు.

దిగే ముందు ఎవరైనా నడిచి చూడాలి. రాళ్లు రాత్రికి రాత్రి జరుగుతాయి. లో సెకండ్‌లో దిగి ఆగకుండా వెళ్లు. మధ్యలో ఇంజిన్ ఆగితే, గాలి ఫిల్టర్ దాకా నీళ్లు వచ్చాయేమో చూడకుండా సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్లోకి నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఇంకో మాట. గెడ్డ కింది వైపు ఊరివాళ్లు నీళ్లు పట్టుకుంటారు. బండి కడగడం, టైర్లు తిప్పి బురద చేయడం అక్కడ వద్దు. వానాకాలంలో దారి మధ్య గాడి లోతైతే సంతకు నడిచి వెళ్లేవాళ్లకే ఇబ్బంది. మా వైపు మేం గాడుల్లో రాళ్లు వేసి పూడ్చి వస్తాం. అడవి శాఖ వాళ్ల దారుల్లో పర్మిషన్ లేకుండా వెళ్లేదే లేదు.

నాందేడ్_నల్లరేగడి
ఈ ఒక్క విషయంలో రేగడి, ఎర్రమట్టి ఒకటే.

కాఫీకొండ_పొట్టంగి
నా వరస ఇది. మొదట హ్యాంగర్, ఛాసీ లోపల మైనం, ఫ్లోర్ రేకు. రెండోది నకిళ్లు రెండు వైపులా, డ్రాగ్ లింకు, బ్రేకు హోసులు, అన్ని ఆయిళ్లు. వెనక సీటు, బెల్టులు, రోల్ బార్ మూడోది. కమాను కట్టలు కంపెనీ ఎత్తుకి. బ్రీదర్లు. ఎన్‌వోసీకి ఈ వారమే విజయనగరం వెళ్తున్నాను. టైర్లు మాత్రం ఓడీ నంబరు వచ్చాకే, 215/75 ఏటీ. రాయగడ గారూ, ఆ సైజుకి అభ్యంతరం ఉంటుందా?

రాయగడ_ఆర్సీ
కంపెనీ ఆ మోడల్‌కి ఆమోదించిన సైజు కాకపోతే అడిగే హక్కు వాళ్లకుంది. మాన్యువల్లో, డోరు దగ్గర స్టిక్కరులో చూడండి. ఇన్‌స్పెక్షన్ కంపెనీ సైజు మీదే చేయించండి, ఆ టైర్లు అమ్మేయకుండా ఉంచుకోండి. 2028లో మళ్లీ కావాలి. ఏ సైజు వేసినా ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పి ఉంచండి.

మహేంద్రగిరి_డీఐ
ఇన్ని చేశాక బండి బాగానే ఉంటుందిలే, పెట్రోలైనా. ఒకటి మాత్రం చెప్తా, రేడియేటరు విప్పి రాడ్డింగ్ (లోపలి గొట్టాలు కడ్డీతో శుభ్రం) చేయించు, థర్మోస్టాట్ మార్చు. లో రేంజ్‌లో ఎక్కువసేపు ఎక్కితే గాలి తగలదు, పాత రేడియేటరు తట్టుకోదు.

ఎర్రమట్టి
డీజిల్ అన్న నోట జిప్సీకి మంచి మాట! స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

కాఫీకొండ_పొట్టంగి
రేడియేటరు రాసుకున్నాను అన్నా. మేస్త్రీ గారూ, కింగ్‌పిన్ బేరింగులు నేనే విశాఖ నుంచి తెస్తాను, మీ దగ్గర వేయించుకోవచ్చా?

జయపురం_లేత్‌మేస్త్రీ
తీసుకురా. రెండు వైపులకూ నాలుగు బేరింగులు, నకిల్ సీలు కిట్లు రెండు, లోపలి యాక్సిల్ సీళ్లు రెండు. షిమ్‌లు (బిగుతు సరిచేసే పల్చటి రేకులు) కూడా అడుగు, దొరక్కపోతే పాతవి కొలిచి వేస్తాను. బేరింగు బిగుతు స్ప్రింగ్ కాటా కట్టి లాగి చూడాలి, చేత్తో అంచనా వేసేది కాదు. నువ్వు దగ్గరుండు, కాటాలో అంకె నువ్వే చూద్దువుగాని. వచ్చే ముందు ఆ హ్యాంగర్ దగ్గర తుప్పు గీకించి ఒక ఫొటో పెట్టు, ప్లేటు ఎంత మందం కావాలో చూసి కోసి ఉంచుతాను.